ప్రోగ్రామ్ నడుస్తోందా, ఆగిపోయిందా? పైథాన్‌తో తెలుసుకునే పద్ధతులు

సెలవులకు ఇండియా వెళ్తూ ఇంట్లో కంప్యూటర్‌ను ఆన్‌లోనే ఉంచేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఫోన్ల నుంచి వచ్చే కుటుంబం ఫొటోలను ఎప్పటికప్పుడు వేరే డిస్క్‌లోకి కాపీ చేసే చిన్న ప్రోగ్రామ్ అందులో నడుస్తూ ఉంటుంది. అది మధ్యలో ఆగిపోతే ఎవరికీ తెలియదు. ఫోన్ పోయిన రోజే ఆ సంగతి బయటపడుతుంది. అందుకే దాన్ని కనిపెట్టుకుని ఉండే మరో ప్రోగ్రామ్ కావాలి. పైథాన్ కొద్దిగా వచ్చినా రాసుకోవచ్చు.

నడుస్తున్న ప్రతి ప్రాసెస్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్ ఒక నంబర్ ఇస్తుంది. అదే పీఐడీ.

మీ ప్రోగ్రామే మొదలుపెట్టినదైతే

ఇది అన్నిటికంటే సులభం. సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌లోని పోపెన్‌తో మొదలుపెట్టి, తర్వాత దాని పోల్ ఫంక్షన్‌ను పిలవండి. ‘నన్’ అని వస్తే ఇంకా నడుస్తోంది. ఏదైనా సంఖ్య వస్తే ముగిసింది. మామూలుగా 0 అంటే సవ్యంగా ముగిసినట్టు.

విడిగా మొదలైనదైతే

లినక్స్, మ్యాక్‌లలో ఓఎస్ మాడ్యూల్‌లోని కిల్ ఫంక్షన్‌కు పీఐడీతో పాటు 0 సిగ్నల్ ఇవ్వండి. పేరు కిల్ అయినా, 0 ఇస్తే ఏ సిగ్నలూ వెళ్ళదు, ప్రాసెస్ ఉందో లేదో మాత్రమే చూస్తుంది. ‘ప్రాసెస్ లుకప్ ఎర్రర్’ వస్తే ఆ నంబర్‌తో ఏదీ లేదు. ‘పర్మిషన్ ఎర్రర్’ వస్తే ప్రాసెస్ ఉంది, కానీ అది వేరే యూజర్‌ది. దీన్ని ‘లేదు’ అని అనుకోకూడదు.

విండోస్‌లో ఈ పద్ధతి వాడకండి. అక్కడ 0 అంటే కంట్రోల్-సి నొక్కినట్టు లెక్క. విండోస్‌లోనూ పనిచేసే పీఎస్‌యుటిల్ లైబ్రరీని పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకోండి.

అదే నంబర్, వేరే ప్రాసెస్

అపార్ట్‌మెంట్ ఖాళీ చేశాక అదే నంబర్‌లోకి వేరేవాళ్ళు దిగినట్టే, ముగిసిన ప్రాసెస్ పీఐడీని సిస్టమ్ మరో దానికి ఇవ్వవచ్చు. కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యాక ఇది మరీ ఎక్కువ. కాబట్టి ఫైల్‌లో పీఐడీ ఒక్కటే రాసుకుంటే చాలదు. ప్రాసెస్ మొదలైన సమయం కూడా రాసుకుని, రెండూ కలిస్తేనే అదేనని నమ్మండి. ఈ సమయాన్ని పీఎస్‌యుటిల్ ఇస్తుంది.

పేరుతో వెతికితే

పైథాన్ ప్రోగ్రామ్‌లన్నీ జాబితాలో సాధారణంగా ‘పైథాన్’ పేరుతోనే కనిపిస్తాయి. లినక్స్‌లో పేరు 15 అక్షరాల దగ్గర తెగిపోవచ్చు కూడా. పేరు బదులు పూర్తి కమాండ్ లైన్‌లో మీ ఫైల్ పేరు ఉందేమో చూడండి. పీఎస్ కమాండ్ ఫలితాన్ని గ్రెప్‌తో వెతికితే, మీరు వెతికే మాట గ్రెప్ కమాండ్‌లోనూ ఉంటుంది కనుక అది కూడా జాబితాలోకి వస్తుంది. దాన్ని చూసి ప్రోగ్రామ్ నడుస్తోందని పొరబడవద్దు.

ఉన్నంత మాత్రాన పని చేస్తున్నట్టు కాదు

లినక్స్, మ్యాక్‌లలో పని ముగిసినా, మొదలుపెట్టిన ప్రోగ్రామ్ ఫలితం తీసుకునే దాకా ప్రాసెస్ పేరు జాబితాలో మిగిలే ఉంటుంది. దీన్ని జాంబీ అంటారు. 0 సిగ్నల్ పరీక్షలో ఇది ‘ఉంది’ అనే వస్తుంది. పీఎస్‌యుటిల్‌లో స్టేటస్ చూస్తే తేడా తెలుస్తుంది.

ఇక నెట్‌వర్క్ జవాబు కోసం ఎదురుచూస్తూ గంటల తరబడి నిలిచిపోయిన ప్రాసెస్‌ను పై పరీక్షలేవీ పట్టుకోలేవు. దీనికి ఒకటే మార్గం. కాపీ చేసే ప్రోగ్రామ్ ఒక్కో విడత పని పూర్తికాగానే అప్పటి సమయాన్ని ఒక ఫైల్‌లో రాయాలి. కాపలా ప్రోగ్రామ్ ఆ సమయాన్ని చూసి, పావుగంటకు మించి పాతదైతే మీకు ఈమెయిల్ పంపాలి. విడతకు పట్టే సమయాన్ని బట్టి ఈ గడువు మార్చుకోండి. పీఐడీ పరీక్ష ఒక్కటే పెట్టుకోకుండా దీన్ని కూడా తప్పక చేర్చండి. ఊరికి బయల్దేరే ముందు ప్రోగ్రామ్‌ను ఒకసారి కావాలని ఆపి, ఈమెయిల్ వస్తోందో లేదో చూసుకోండి.