నెట్‌వర్క్ ట్రాఫిక్ జనరేటర్లు

నెట్‌వర్క్ ఎంత భారం మోయగలదో, దాడిని ఎలా తట్టుకుంటుందో తేల్చడానికి కృత్రిమంగా ప్యాకెట్లను పుట్టించే సాధనాలు. లింకు వేగం తెలుసుకోవడానికి ఐపెర్ఫ్3 చాలు: ఒక యంత్రంలో సర్వర్, మరోదానిలో క్లయింట్ నడిపితే మామూలుగా 10 సెకన్లలో లెక్క తేలుతుంది. రౌటర్లకు అసలు గండం చిన్న ప్యాకెట్లతోనే. 10 గిగాబిట్ ఈథర్‌నెట్‌పై 64 బైట్ల ఫ్రేములు సెకనుకు దాదాపు 1.488 కోట్లు పడతాయి. అంత జోరుకు కెర్నెల్‌ను పక్కనపెట్టి డీపీడీకే లైబ్రరీతో నడిచే సిస్కో వారి టీరెక్స్ లాంటి సాధనం కావాలి. భద్రతా పరీక్షల్లో వేగం కన్నా ప్యాకెట్ రూపం ముఖ్యం. ఫిలిప్ బియోండి పైథాన్‌లో రాసిన స్కేపీతో హెడర్‌లోని ఏ విలువనైనా మార్చవచ్చు. వేగ పరీక్షకు మాత్రం అది తగదు. టీసీపీరీప్లే, పట్టి ఉంచిన ట్రాఫిక్‌ను మళ్లీ పంపుతుంది. చొరబాట్లను పసిగట్టే వ్యవస్థలను పరీక్షించడానికి ఇది ఎంతో మేలు. అయితే అవతలి సర్వర్ జవాబులను పట్టించుకోదు కనుక నిజమైన టీసీపీ సంభాషణ దీనితో సాగదు.