పంతొమ్మిది ఇచ్చి ఇరవై పుచ్చుకున్న ఆట

నాలుగు ముక్కలు చాలు. ఒక కొండ, ఒక నల్ల తామర, రెండు మంత్రాలు. ఎదుటివాడు చేతిలోని ఏడు కార్డులనూ సర్దుకోకముందే ఆట ముగిసిపోతుంది.

‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ అనే కార్డుల ఆటలో ఇద్దరికీ చెరి 20 ప్రాణాలు. ఎదుటివాడి ప్రాణాలు సున్నాకు దించినవాడిదే గెలుపు. మంత్రం వేయాలంటే మానా అనే శక్తి కావాలి. ఆ శక్తినిచ్చేవి నేల కార్డులు. వాటిని వంతుకు ఒక్కటే దించాలి కాబట్టి మొదటి వంతులో చేయగలిగింది చాలా తక్కువ. నియమం అలా ఉంది. ఇప్పుడు ఆ నాలుగు ముక్కల పని చూడండి. కొండ ఒక ఎర్ర మానా ఇస్తుంది. బ్లాక్ లోటస్ అనే నల్ల తామరను దించడానికి ఖర్చే లేదు, దాన్ని వదులుకుంటే ఒకే రంగు మానా మూడు వస్తాయి. పచ్చ రంగు కోరుకుంటాం. అందులో రెండు పెట్టి ‘ఛానెల్’ మంత్రం వేస్తాం. ఆ వంతు ముగిసేదాకా ఒక్కో ప్రాణం ఇచ్చి ఒక్కో మానా కొనుక్కోవచ్చని దాని అర్థం. ఉన్న 20 ప్రాణాల్లో 19 ఇచ్చేస్తాం. 19 మానాలకు మిగిలిన పచ్చది ఒకటి చేరితే 20. కొండ ఇచ్చిన ఎర్ర మానాతో ‘ఫైర్‌బాల్’ అంటించి, ఈ 20నీ అందులో పోస్తాం. ఎంత మానా పోస్తే అంత దెబ్బ. ఎదుటివాడి 20 ప్రాణాలూ ఒక్క మంటలో పోతాయి. మన దగ్గర మిగిలేది ఒక్కటి.

ఆ మిగిలిన ఒక్క ప్రాణం దగ్గరే నాకు ఈ ఆట మీద ప్రేమ పుట్టింది. లెక్క అంత కచ్చితంగా సరిపోతుంది. లోటస్ మీద ఛానెల్ పేరు లేదు, ఛానెల్ మీద ఫైర్‌బాల్ పేరు లేదు. విడివిడిగా అచ్చయిన నాలుగు వాక్యాలను ఎవరో పక్కపక్కన పెట్టి చదివారు, అంతే.

మనకు తెలిసిన పేకాటలో ఇలాంటిది జరగదు. సంక్రాంతికి మా ఇంటి వసారాలో చాప పరిచి రమ్మీ వేసేవాళ్లం. ఎవరు కలిపినా, ఎవరు పంచినా అవే 52 ముక్కలు, మధ్యలో జోకర్. ఏ ముక్క దేనితో కలుస్తుందో పదేళ్ల పిల్లవాడికీ తెలుసు. మ్యాజిక్‌లో పేక అందరిదీ కాదు. ఎవరి కట్ట వాళ్లు ఇంటి దగ్గరే కూర్చుని, తమకు దొరికిన వందల కార్డుల్లోంచి ఏరి కట్టుకుని వస్తారు. అందుకే సగం ఆట బల్ల దగ్గరికి రాకముందే అయిపోయి ఉంటుంది.

ఈ ఆట రూపకర్త రిచర్డ్ గార్ఫీల్డ్ అప్పట్లో వృత్తిరీత్యా గణిత అధ్యాపకుడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1993లో డాక్టరేట్ పూర్తిచేశాడు. ఆయన శాఖను మన ఇంటర్ విద్యార్థులకు పరిచయమైన మాటల్లో చెప్పాలంటే ప్రస్తారాలు, సంయోగాలు. ఆయన ముత్తాత తండ్రి అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్. పైథాగరస్ సిద్ధాంతానికి ట్రెపీజియంతో ఒక నిరూపణ కట్టి 1876లో ప్రచురించిన మనిషి. గణితం వంశంలో ఉందనుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి!

1991లో గార్ఫీల్డ్ తాను తయారుచేసిన వేరే బోర్డు ఆటను పట్టుకుని పీటర్ ఆడ్కిసన్ దగ్గరికి వెళ్లాడు. బోయింగ్‌లో ఉద్యోగం చేస్తూ ‘విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్’ అనే చిన్న సంస్థ నడుపుతున్న ఆడ్కిసన్‌కు అంత ఖరీదైన ఆట అచ్చువేసే స్థోమత లేదు. ఆటల సంబరాల్లో జనం ఒక ఆటకూ ఇంకో ఆటకూ మధ్య ఖాళీగా నిలబడి ఉంటారు, ఆ కాసేపట్లో ఆడుకోదగ్గది, చవకైనది, సంచిలో పట్టేది ఏదైనా ఉందా అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబుగా 1993 ఆగస్టు 5న మ్యాజిక్ మొదటి ముద్రణ వెలువడింది. 295 రకాల కార్డులు, మొత్తం అచ్చువేసినవి సుమారు 26 లక్షలు. చూస్తుండగానే అమ్ముడైపోయాయి.

295 రకాల్లోంచి రెండేసి జతకడితే 43,365 జంటలు. మూడేసి కడితే 42 లక్షలు దాటుతాయి. అచ్చుకు ముందు ఎన్నేళ్లు ఆడి చూసినా ఇన్నింటినీ ఎవరూ పరీక్షించలేరు. ఈ రోజు మ్యాజిక్‌లో వేర్వేరు కార్డులు 25 వేలు దాటాయి. వాటిలో జంటలే 31 కోట్ల పైచిలుకు. కొత్త కార్డు ఒకటి వస్తే అది ఒక్కటిగా రాదు, పాతిక వేల కొత్త చుట్టరికాలతో వస్తుంది.

మొదట్లో గార్ఫీల్డ్ ధీమా వేరు. ఒక్కొక్కరు మామూలు బోర్డు ఆటకు పెట్టేంత డబ్బు పెట్టి, రెండు మూడు పొట్లాలు కొని ఆగిపోతారని ఊహించాడు. బ్లాక్ లోటస్ లాంటివి ఊరికి ఒకటో రెండో ఉంటాయి, అవి ఆడినప్పుడు అదో వింతగా ఉంటుంది, అంతే అనుకున్నాడు. జనం పెట్టెలకు పెట్టెలు కొన్నారు. కట్టలో ఒకే కార్డు ఎన్నయినా పెట్టుకోవచ్చని అప్పటి నియమం. పోటీలు మొదలయ్యాక కట్ట కనీసం 60 కార్డులు ఉండాలనీ, ఒకే కార్డు నాలుగుకు మించకూడదనీ కట్టుబాటు పెట్టారు. మరీ ప్రమాదకరమైనవి కట్టకు ఒక్కటే.

ఈ నాలుగు అనే అంకె వెనక కూడా సంభావ్యత ఉంది. 60 కార్డుల కట్టలో ఒక కార్డు నాలుగు పెట్టుకుంటే, మొదటి ఏడింట్లో అది కనీసం ఒక్కటైనా రావడానికి దాదాపు 40 శాతం అవకాశం. ఒక్కటే పెట్టుకుంటే 12 శాతం కూడా లేదు. రెండు వేర్వేరు కార్డులు, చెరి నాలుగు, ఏడింట్లో రెండూ కలిసి రావాలంటే 14 శాతం పైన. ఏడు ఆటలకు ఒకసారి! ఇలా కలిసి పేలే కార్డుల కూర్పును కాంబో అంటారు. కాంబో కట్టేవాడి కష్టమంతా ఈ 14ను పెంచుకోవడంలోనే ఉంటుంది. వెతికి తెచ్చే కార్డులు, ఇంకా తీయనిచ్చే కార్డులు చేర్చుకుంటూ పోతాడు. చూసేవాళ్లకు మెరుపు ఒక్కటే కనబడుతుంది. దాని చుట్టూ అల్లిన యాభై కార్డుల గూడు కనబడదు.

మాట కూడా లెక్కంత ముఖ్యం. అచ్చుకు ముందు, ఆడి చూసే రోజుల్లో జరిగిన ఒక సంగతి గార్ఫీల్డ్ స్వయంగా రాశాడు. తరువాతి వంతులో తప్పకుండా గెలిపించే కార్డు తన దగ్గర ఉందని ఒక ఆటగాడు ప్రకటించాడు. తీరా చూస్తే అది తరువాత ‘టైమ్ వాక్’గా పేరు పడ్డ కార్డు. ఎదుటివాడు తరువాతి వంతు కోల్పోతాడని దాని ఉద్దేశం. ఇంగ్లీషులో కోల్పోవడానికీ ఓడిపోవడానికీ ఒకటే క్రియ. ఎదుటివాడు తరువాతి వంతులో ఓడిపోతాడని అతను చదువుకున్నాడు. తప్పు అతనిది కాదు, వాక్యానిది. తెలుగులో రాసి ఉంటే ఈ తికమకే లేదు.

1997 ఏప్రిల్‌లో పారిస్‌లో జరిగిన ప్రో టూర్ అనే పెద్ద పోటీని మైక్ లాంగ్ ‘ప్రాస్‌బ్లూమ్’ అనే కట్టతో గెలిచాడు. సొంత నేలల్ని తగలబెట్టి మానా తీయడం, చేతి కార్డుల్ని పారేసి ఇంకా మానా తీయడం, ఆ మానాతో కొత్త కార్డులు గుత్తులుగా లాగడం, చివరికి ‘డ్రెయిన్ లైఫ్’ అనే ఒకే ఒక్క మంత్రంతో ఎదుటివాడి ప్రాణం పీల్చేయడం. కాంబో అంటే సరదా కాదు, పెద్ద పోటీ గెలిచే పద్ధతి అని అందరికీ తెలిసిన రోజు అది. ఫైనల్లో ఒక ఆటలో ఆ ఏకైక డ్రెయిన్ లైఫ్ అప్పటికే చేజారిపోయినా, లాంగ్ ఏమీ ఎరగనట్టు గొలుసు మొదలుపెట్టాడనీ, ఎదుట కూర్చున్న మార్క్ జస్టిస్ చివరిదాకా చూడకుండానే ఓటమి ఒప్పుకున్నాడనీ ఆటగాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ మరుసటి ఏడాది చలికాలం వచ్చింది. కాంబో శీతకాలం అని దానికి పేరు. 1998 అక్టోబరులో వెలువడిన ‘అర్జాస్ సాగా’ అనే కార్డుల సంపుటిలో టోలేరియన్ అకాడమీ అనే నేల కార్డు ఉంది. మన ముందు ఎన్ని యంత్రవస్తువులుంటే అన్ని నీలి మానాలు ఇస్తుంది. ఖర్చు లేని వస్తువులు నాలుగైదు దించితే చాలు, ఒక్క నేల ఐదు నేలల పని చేస్తుంది. దానికి ‘మైండ్ ఓవర్ మ్యాటర్’ తోడైంది. చేతిలోంచి ఒక కార్డు పారేస్తే, వాడేసిన నేలను మళ్లీ వాడుకోవచ్చు. మానా వరదైతే ‘స్ట్రోక్ ఆఫ్ జీనియస్’తో కార్డులు లాగుతారు, లాగినవి పారేసి మళ్లీ మానా తీస్తారు. ముగింపు మరీ సొగసైనది. అదే స్ట్రోక్ ఆఫ్ జీనియస్‌ను ఎదుటివాడి మీద వేస్తారు. కట్టలో ఉన్నవాటికంటే ఎక్కువ కార్డులు అతని చేత తీయిస్తారు. తీయాల్సినప్పుడు కట్ట ఖాళీ అయితే ఓడినట్టే. దానం చేసి చంపడం!

ఆ నవంబరులో రోమ్ నగరంలో జరిగిన ప్రో టూర్‌ను ఫిన్లండ్ ఆటగాడు టోమీ హోవీ అకాడమీ కట్టతోనే గెలిచాడు. ఆటగాళ్లలో ఒక చేదు చతురోక్తి పుట్టింది: ఆట ఆరంభమంటే బొమ్మా బొరుసూ, నడిమి భాగమంటే నచ్చని ముక్కలు మార్చుకోవడం, చివరి భాగమంటే మొదటి వంతు. వినడానికి నవ్వొస్తుంది గానీ, అవతలి కుర్చీలో ఉన్నవాడి సంగతి ఆలోచించాలి. వారమంతా కట్ట కూర్చుకుని, ప్రయాణం చేసి వచ్చి, ఒక్క కార్డు దించకుండా ఇరవై నిమిషాలు ఎదుటివాడి లెక్కలు చూస్తూ కూర్చోవడం. కాంబోను ఎంత ఇష్టపడేవాడినైనా, ఆ చలికాలాన్ని నేను సమర్థించలేను. ఆట అంటే ఇద్దరిది. చాలామంది ఆట మానేశారు.

1999 జనవరి 1 నుంచి ప్రధాన పోటీల్లో అకాడమీని నిషేధించారు. ఆ మంట ఆరకముందే ఫిబ్రవరిలో వచ్చిన కొత్త సంపుటిలో ‘మెమరీ జార్’ దిగింది. ఇద్దరూ చేతి కార్డులు పక్కనపెట్టి ఏడేసి కొత్తవి తీయాలి, వంతు చివర వాటిని పారేయాలి. ‘మెగ్రిమ్’ అనే పాత కార్డు ఎదుటివాడు పారేసే ఒక్కో కార్డుకు రెండు ప్రాణాలు తీస్తుంది. ఏడు రెళ్లు పద్నాలుగు. రెండు జార్లయితే చెప్పక్కర్లేదు. నెల తిరగకుండానే దాన్ని అత్యవసరంగా నిషేధించారు. ఇలాంటిది మళ్లీ జరిగితే ఉద్యోగాలు ఉండవని పై అధికారి రూపకల్పన బృందం మొత్తాన్నీ హెచ్చరించిన సంగతి ఆ బృందంలోని మార్క్ రోజ్‌వాటర్ తరువాత రాశాడు.

అదే ఏడాది వచ్చిన ‘డొనేట్’ను చూడండి. మన వస్తువు ఒకటి ఎదుటివాడికి ఇచ్చేయడం దాని పని. ఎవరికి కావాలి? 1995 నాటి ‘ఇల్యూజన్స్ ఆఫ్ గ్రాండర్’ 20 ప్రాణాలు ఇస్తుంది, పోయేటప్పుడు దాన్ని పట్టుకున్నవాడి దగ్గర 20 పట్టుకుపోతుంది. ఉంచుకోవాలంటే వంతు వంతుకూ పెరిగే వడ్డీ కట్టాలి. 20 మనం అందుకుని, అప్పుపత్రం ఎదుటివాడి చేతిలో పెట్టేయడమే. నాలుగేళ్ల తేడాతో పుట్టిన రెండు పనికిరాని కార్డులు కలిసి ప్రపంచాన్ని ఏలాయి.

ఇక మనవాళ్ల ఛాయలున్న కథ. 2016 సెప్టెంబరులో మ్యాజిక్ ‘కలాదేశ్’ అనే లోకానికి వెళ్లింది. భారతదేశం స్ఫూర్తిగా గీసిన లోకం. చీరకట్టును గుర్తుచేసే దుస్తులు, ఇత్తడి తీగల నగిషీ, వీధివీధినా ఆవిష్కర్తలు. అందులో లోహంతో జీవుల్ని అచ్చుగుద్దినట్టు చేసే కళాకారిణి సహీలీ రాయ్. పేరు వినగానే చెలి అనే అర్థమున్న హిందీ మాట సహేలీ గుర్తొస్తుంది. మన ముందున్న ఒక ప్రాణికి నకలు తయారుచేయడం ఆమె విద్య. ఆ నకలు ఆ వంతులోనే దాడి చేయగలదు.

2017 జనవరిలో ఆమెకు నిజంగానే ఒక నేస్తం దొరికింది. ‘ఫెలిడార్ గార్డియన్’ అనే పిల్లిజాతి మృగం. అది దిగినప్పుడు మన వేరే శాశ్వత కార్డు ఒకదాన్ని తొలగించి, వెంటనే తాజాగా తిరిగి తెస్తుంది. సహీలీ పిల్లికి నకలు తీస్తుంది. నకలు దిగుతూ సహీలీని తొలగించి తిరిగి తెస్తుంది. తాజా సహీలీ ఇంకో నకలు తీస్తుంది. ఇలా ఎన్ని పిల్లులు కావాలంటే అన్ని. ఇదంతా ‘శాశ్వత కార్డు’ అన్న ఒక్క మాట మీద నిలబడింది. అక్కడ ‘ప్రాణి’ అని రాసి ఉంటే, ప్రాణి కార్డు కాని సహీలీకి ఆ సాయం అందేదే కాదు. రూపకర్తలు ఈ జంటను గమనించలేదని తామే ఒప్పుకున్నారు. ఆటగాళ్లు మాత్రం కార్డు అమ్మకానికి రాకముందే, బొమ్మ బయటపడగానే పట్టేశారు.

ఏప్రిల్ 24న వచ్చిన నిషేధాల ప్రకటనలో పిల్లి పేరు లేదు. రెండే రోజుల తరువాత, ఆన్‌లైన్ ఆటల్లో ఆ జంట పట్టు సడలలేదని తేలడంతో, ప్రకటనను సవరించి పిల్లిని నిషేధించారు. సహీలీని ఉండనిచ్చారు.

ఆ లోకానికి 2025లో పేరు మారింది. ఇంగ్లీషు అక్షరాల్లో కలాదేశ్ అంటే కళల దేశమో, హిందీ లెక్కన నల్ల దేశమో తేలదు. కొత్త పేరు ‘అవిష్కార్’. మనకు అర్థం చెప్పనక్కర్లేదు.

పాత కార్డులకు చోటిచ్చే ‘మోడర్న్’ పోటీల్లో సహీలీ, పిల్లి ఇప్పటికీ కలిసే ఉండొచ్చు. మూడో వంతులో ఆమె బల్ల మీదికి వస్తుంది. నాలుగో వంతులో పిల్లి దిగాలి. సంగతి తెలిసినవాడైతే ఎదుటి మనిషి ఆ వంతుకు ఒక కొండను వాడకుండా అట్టేపెట్టి, చేతిలో రెండు ప్రాణాలు తీసే చిన్న మంట ఒకటి పట్టుకుని, సహీలీ వైపే చూస్తూ కూర్చుంటాడు.