పల్నాటి గుమ్మములు – విద్యుత్ కారు

ఏ దేశమునందైనను బండి వీధిని బట్టి పుట్టును. పిమ్మట వీధియే బండిని బట్టి మారును. ఈ రెంటి నడుమ ఇల్లు నలిగిపోవును. నరసరావుపేట, మాచర్ల, గురజాలలలోని పాత వీధులను ఎరిగినవారికి ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు. నేడు ఆ వీధులలోనికి విద్యుత్ కారు వచ్చుచున్నది. దాని ధర ఎంత, ఎంత దూరము పోవును అని అందరును అడుగుదురు. మన గుమ్మమున పట్టునా అని అడుగువారు తక్కువ. చిన్నదిగా తోచు ఆ ప్రశ్నకు వెనుక పెద్ద చరిత్రయే కలదు.

పల్నాడు ఎడ్లబండి ఏలిన సీమ. పొలము నుండి పంట వచ్చినను, గని నుండి నాపరాయి వచ్చినను, సున్నపు బట్టీకి రాయి పోయినను బండి మీదనే. ఆ బండి వెడల్పును ఏ శాసనమును నిర్ణయింపలేదు. కాడి క్రింద రెండెడ్లు పక్కపక్కన నడువవలెను, ఇరుసు దానికి తగినట్లుండవలెను, అంతియే కొలత. ఆ కొలతకే దొడ్డిదారి, ఆ కొలతకే గొడ్లచావడి. మల్రాజు వంశపు జమీందారు నరసరావు పేరు మీదుగ వెలసిన నరసరావుపేటలో సైతము పాత ఇండ్లు ఈ లెక్కకు కట్టినవే. ఇంటి ముందు అరుగు, పక్కన బండి పట్టు సందు, వెనుక దొడ్డి. నాపరాతితో పేర్చిన గోడ తరములు నిలుచును. బండ్లు మారినను గోడలు కదలవు.

వాహనమునకు దారి చాలకున్న ఏమి చేయవలెనో ఈ సీమవారికి తెలియనిది కాదు. మహాశివరాత్రినాడు కోటప్పకొండ తిరునాళ్ళకు చుట్టుపట్ల గ్రామములు ఎత్తయిన ప్రభలను కట్టి తెచ్చును. విద్యుద్దీపములతో వెలుగు ఆ ప్రభలు సాగుటకై అడ్డమువచ్చిన కరెంటు తీగలను తొలగించి దారి ఇత్తురు. ఏడాదికి ఒకనాడు కదలు ప్రభకు ఊరు తీగలు విప్పును. ప్రతి సాయంకాలము ఇల్లు చేరవలసిన కారుకు ఎవరును గోడ విప్పరు.

పాశ్చాత్య దేశములందును కారు బండిజాడలోనే నడక నేర్చినది. అమెరికాలో 1908లో వెలువడిన ఫోర్డు వారి మోడల్ టీ కారునకు చక్రముల నడుమ ఎడము 56 అంగుళములు. దక్షిణ రాష్ట్రములలో బండిజాడలు అంతకంటె వెడల్పుగా నుండుటచే, అచటి కొనుగోలుదారులకు 60 అంగుళముల ఎడముతో వేరుగ చేసి ఇచ్చిరి. విద్యుత్ కారు సైతము నిన్న పుట్టినది కాదు. 1881లో గుస్తావ్ త్రూవే పారిసు నగరమున బ్యాటరీతో మూడు చక్రముల బండిని నడిపెను. 1900 నాటికి అమెరికాలోని కార్లలో సుమారు మూడవవంతు విద్యుత్తుతో నడచినవే. పొగ లేదు, చప్పుడు లేదు, పిడి త్రిప్పు శ్రమ లేదు. 1912లో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన స్టార్టరు కాడిలాక్ కార్లలోనికి రాగా పెట్రోలు కారునకు పిడి బాధ తొలగినది. పెట్రోలు చౌక అయినది. విద్యుత్ కారు వెనుకబడినది.

మన దేశమునకు వత్తము. 1957 మొదలు 2014 వరకు తయారైన అంబాసిడరు వెడల్పు సుమారు 1.68 మీటర్లు. పొడవు నాలుగు మీటర్లకు మించును. 1983లో వచ్చిన మారుతి 800 వెడల్పు 1.44 మీటర్లే. బండి పట్టిన సందులలో అది సుఖముగ దూరెను. 2001లో బెంగుళూరున వెలువడిన రేవా విద్యుత్ కారు ఇంకను చిన్నది, పొడవు 2.64 మీటర్లు, వెడల్పు 1.32 మీటర్లు. పట్టణములో తిరుగుటకును, ఇరుకున నిలుచుటకును దానిని ఉద్దేశించిరి. అయితే అందు పెద్దలిద్దరు, పిల్లలిద్దరు మాత్రమే పట్టుదురు. మన కుటుంబములకు అది చాలలేదు.

తరువాత జరిగిన మార్పునకు కారణము కొంత పన్నులలో కలదు. 2006 నాటి కేంద్ర బడ్జెట్టు, నాలుగు మీటర్లకు లోబడిన చిన్న పెట్రోలు, డీసెలు కార్లకు ఎక్సైజు సుంకమును తగ్గించినది. కొలత పొడవునకే గాని వెడల్పునకు కాదు. పొడవు పెంచుటకు వీలులేని చోట కారు అడ్డముగను, ఎత్తుగను పెరిగినది. అట్టి పెట్రోలు కారు ఒడ్డుపొడవుల మీదనే 2020లో టాటా నెక్సాన్ విద్యుత్ కారు వచ్చినది. పొడవు 3.99 మీటర్లు, వెడల్పు 1.81 మీటర్లు. మారుతి 800 కంటె ఇది అడుగుకు పైగా వెడల్పు. పక్క అద్దములు ఈ లెక్కలో చేరవు. 2023లో వచ్చిన ఎంజీ కామెట్ మరల చిన్నదారి పట్టినది, పొడవు 2.97, వెడల్పు 1.51 మీటర్లు.

ఈ అంకెలను ఇంటి కొలతలతో సరిపోల్చి చూతము. ఎనిమిదడుగుల షెడ్డనగా 2.44 మీటర్లు. అందు నెక్సాన్ నిలిపిన మిగులునది 63 సెంటీమీటర్లు. ఒక గోడకు ఎంత ఆనించి నిలిపినను, తలుపు తెరచి పెద్దవారు దిగుట కష్టము. అదే షెడ్డులో కామెటునకు 93 సెంటీమీటర్లు మిగులును. పదడుగుల షెడ్డయిన పెద్ద కారునకు సైతము మీటరుకు పైగా చోటుండును. జాతీయ భవన నిర్మాణ నియమావళి ఒక కారునకు 2.75 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు గల స్థలమును సూచించినది. పాత పల్నాటి ఇంటి సందు ఆ నియమావళిని చూచి కట్టినది కాదు.

పెట్రోలు కారునకును ఇరుకు ఇరుకే గదా యని ఎవరైన అనవచ్చును. ఇచటనే ముఖ్యమైన భేదము కలదు. పెట్రోలు కారు వీధి చివర నిలిచినను, గుడి ముంగిట నిలిచినను దాని ఆహారమునకు లోపము రాదు. బంకు వేరుచోట నున్నది. విద్యుత్ కారునకు ఇల్లే బంకు. రాత్రి తెల్లవార్లు ఇంటి ప్లగ్గు చెంత నిలిచిననే చౌకదనము దక్కును. లోపలికి పట్టని కారునకు గోడ మీదుగ, వీధికి అడ్డముగ తీగ లాగుదురు. వానలో, పిల్లలు పశువులు తిరుగు చోట, అది ప్రాణాపాయము. మాచర్లకు చేరువనే నాగార్జునసాగరమున కృష్ణమ్మ విద్యుత్తును పుట్టించుచున్నది. విద్యుత్తు ఇంటిలోనికి వచ్చినది. బండి మాత్రము గుమ్మము బయట నిలిచిపోవుచున్నది. అనగా కొత్త బాటల వెంట పెద్ద స్థలములు గలవారికి అందు లాభము, పాత వీధుల వారికి అందకుండును.

దీనికి కొందరు అరుగులు పగులగొట్టుదురు. అరుగు పోయిన ఇంటికి కారు వచ్చును గాని, సాయంకాలము ఇరుగుపొరుగులు కూర్చుండి మాటలాడు తావు పోవును. ఆ నష్టము ఏ లెక్కలోను చేరదు. కనుక మేము చెప్పదలచినది ఇది. కారు బేరమునకు ముందు ఇంటి కొలత తీయవలెను. సందు మలుపు, గేటు వెడల్పు అద్దములతో సహా, తలుపు తెరచుటకు చోటు, ప్లగ్గు దూరము – ఈ నాలుగును చూడవలెను. కొత్త ఇల్లు కట్టువారు ఆ కొలతలను పునాదినాడే తలపవలెను. పన్నులు నిర్ణయించువారు పొడవుతోపాటు వెడల్పును సైతము లెక్కింతురేని, మన వీధులకు తగిన బండ్లు మరల పుట్టగలవు. మన పెద్దలు ఎడ్లను చూచి చావడి కట్టిరి, చావడిని చూచి బండి చేయించిరి. ఆ వరుస తప్పకున్న చాలును.