కోయ కుటుంబాలు – బడి చదువు (భద్రాచలం మన్యం)

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అటవీ సరిహద్దులో పిల్లల చదువులో తల్లిదండ్రుల పాత్రను భాష, అడవి పనులు, వలస నిర్ణయిస్తాయి. కోయ ద్రావిడ భాషే; గోండికి దగ్గరిది. కోయ ఒక్కటే వినిపించే ఇంటి నుంచి ఒకటో తరగతికి వచ్చిన పిల్లవాడికి తెలుగు వాచకం కొత్త భాషే. తెలుగులో జరిగే బడి సమావేశంలో ఆ పిల్లవాడి తల్లి మౌనంగా కూర్చుంటే దాన్ని నిరాసక్తత అనుకోవడం తొందరపాటు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో కోయ, గోండి, సవర తదితర ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది. వాచకాలు తెలుగు లిపిలోనే వచ్చాయి. స్థానిక పాటలు, కథలు పాఠాలైనప్పుడు చదువురాని అవ్వాతాతలు కూడా పిల్లలకు వాటిని చెప్పగలుగుతారు. ఈ మేలును మన విద్యాశాఖలు ఇప్పటికీ తక్కువగానే లెక్కగడుతున్నాయి.

ఈ కుటుంబాల పని క్యాలెండరు బడి క్యాలెండరుకు వేరు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇంటిల్లిపాదీ తెల్లవారుజామునే ఇప్పపువ్వు ఏరడానికి వెళతారు; బడిలో అవే పరీక్షల రోజులు. మిరప కోతలకు వలస వెళ్లే కుటుంబాలతో పిల్లలూ కదులుతారు. 2005 తర్వాత సల్వాజుడుం (మావోయిస్టు వ్యతిరేక సాయుధ దళం) హింసకు ఛత్తీస్‌గఢ్ విడిచివచ్చిన గుత్తికోయలకు ధ్రువపత్రాల చిక్కు అదనం. ఆశ్రమ పాఠశాలలు తిండి, వసతి ఇస్తాయి, కానీ అమ్మానాన్నలను దూరం చేస్తాయి.

విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. చర్చ ఏ భాషలో జరగాలో ఆ నిబంధన చెప్పదు.