ఉద్దుల నుంచి స్క్వాడ్ దాకా: పాలమూరు సీమలో నాయకత్వపు చదువు

పాలమూరు సీమలోని జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి; అంతకు ఐదు వారాల ముందు, సెప్టెంబరు 5న, జియో సేవలు దేశమంతటా మొదలై మొబైల్ డేటా సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది. ఈ రెంటికీ కార్యకారణ సంబంధమేమీ లేదు. అయినా పదిమందిని కూడగట్టి నడిపించే విద్యను ఈ సీమలో ఎవరు, ఎక్కడ, ఎంత మూల్యానికి నేర్చుకున్నారని పరిశీలించేవారికి ఆ సంవత్సరం ఒక మలుపుగానే కనిపిస్తుంది.

గద్వాల, వనపర్తి, కొల్లాపురం నిజాం ఏలుబడిలో సంస్థానాలుగా ఉన్నంత కాలం నాయకత్వం ప్రధానంగా వంశంతో సంక్రమించేది. హైదరాబాదు రాజ్యం 1948లో భారతదేశంలో విలీనమైన దరిమిలా సంస్థానాల ఏలుబడి ముగిసి, వనపర్తి రాజప్రాసాదం 1959లో పాలిటెక్నిక్ కళాశాలకు నెలవైంది.

సామాన్యుల నడుమ ఎదిగిన నాయకుడు గుంపుమేస్త్రీ. కృష్ణా తుంగభద్రలు పక్కనుంచే పారుతున్నా వానను నమ్ముకొని సాగు చేసిన ఈ పల్లెల నుంచి, 20వ శతాబ్దంలో, కూలీలు గుంపులుగా దేశంలోని ఆనకట్టలు, కాలువలు, రోడ్ల పనులకు తరలివెళ్లారు; ‘పాలమూరు లేబర్’ అన్న మాట అలా స్థిరపడింది. కాంట్రాక్టరు దగ్గర సొమ్ము తెచ్చి కూలీలకు ముందే అడ్వాన్సుగా పంచడం, ఎవరికి ఏ పని తగునో చూసి అప్పగించడం, పరాయి భాష మాట్లాడే చోట అందరి తరఫున బేరమాడడం, జబ్బుపడినవారిని చూసుకోవడం, తగవులు తీర్చడం, చివరికి లెక్క తేల్చడం మేస్త్రీ పనులు. ఏ పాఠశాలా నేర్పని విద్య ఇది. అయితే దీనికి పునాది అడ్వాన్సు, అంటే అప్పు: మేస్త్రీ తీరు నచ్చని కూలీ అది తీరేదాకా గుంపు విడిచి వెళ్లలేడు, కనుక మేస్త్రీకి తన తప్పు తాను తెలుసుకోవలసిన అవసరమూ అంతగా ఉండదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఈ వ్యవస్థను అదుపు చేయడానికి వచ్చిందే గాని, అమలులో అది బలహీనంగానే మిగిలింది.

అప్పుతో పనిలేని నాయకత్వం పిల్లల ఆటల్లో ఉండేది. తెలుగు పల్లెల్లో చెడుగుడు వంటి ఆటలకు జట్లు పంచుకొనేటప్పుడు సరిసమానమైన బలం గల ఇద్దరు ఉద్దిగా కూడి, పక్కకు వెళ్లి చెరొక మారుపేరు పెట్టుకొని వచ్చి, ఏ పేరు కావాలో కోరుకొమ్మని నాయకులను అడిగేవారు. ఎవరు ఎవరో తెలియకుండానే ఎంపిక జరిగేది కాబట్టి పక్షపాతానికి చోటుండేది కాదు. ఆటగాళ్ల బలాన్ని అంకెల్లో కొలిచే ఎలో పద్ధతిని ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించింది. సమవుజ్జీలను ఎదురెదురుగా నిలిపే నేటి ఆన్‌లైన్ ఆటలు అనేకం ఆ పద్ధతినో, దాని రూపాంతరాలనో వాడుతున్నాయి. ఉద్దులు కట్టిన పిల్లలు సాధించిందీ ఆ సమతూకాన్నే.

2004లో విడుదలైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో నలభైమంది దాకా ఒక్క దాడికి కూడవలసివచ్చేది. ఇటువంటి ఆటల్లోని నాయకత్వాన్ని పరిశీలించిన బైరన్ రీవ్స్, థామస్ మలోన్, టోనీ ఓడ్రిస్కాల్ 2008లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాస్తూ, అక్కడ నాయకత్వం పదవి కాదని, పనిని బట్టి చేతులు మారే తాత్కాలిక బాధ్యత అని వివరించారు. సభ్యుడు ఏ క్షణమైనా జట్టు విడిచి పోగలడు కనుక నాయకుడు ఒప్పించి నడపాలే గాని కట్టిపడేయలేడు. మేస్త్రీకీ అతనికీ అసలు తేడా ఇదే.

కంప్యూటరు అవసరమైన ఆ ఆటల్లా కాక, 2018లో వచ్చిన పబ్జీ మొబైల్ చేతిలోని ఫోనుతోనే పల్లెకు చేరగలిగింది. వందమంది దిగే మైదానంలో నలుగురి జట్టు, అంటే స్క్వాడ్, ఎక్కడ దిగాలో, కుంచించుకుపోయే వలయంలోకి ఎప్పుడు జరగాలో, పడిపోయిన తోటివాణ్ణి లేపడానికి ఎవరు వెళ్లాలో క్షణాల్లో తేల్చేవాణ్ణి ఐజీఎల్, అనగా ఆటలో నాయకుడు, అంటారు. అతని నిర్ణయం వికటిస్తే పోయేది ఒక్క ఆట. మేస్త్రీ లెక్క తప్పితే పోయేది పదిళ్ల ఏడాది తిండి. అందువల్ల ఐజీఎల్ అలవరచుకొన్న చురుకుదనం మేస్త్రీ మోసిన బాధ్యతకు సరితూగుతుందనడం అతిశయోక్తే. కాని పొరపడి దిద్దుకొనే అవకాశం మాత్రం మేస్త్రీ కంటే అతనికే ఎక్కువ.

పబ్జీ మొబైల్‌ను కేంద్రం 2020 సెప్టెంబరులో నిషేధించగా, భారతదేశానికి ప్రత్యేకించిన రూపంలో అది 2021లో తిరిగివచ్చింది. ఇటువంటి ఆటలకు భిన్నంగా, డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే చట్టం సవరించి నిషేధించింది. 2025 నాటి కేంద్ర చట్టం ఇ-స్పోర్ట్స్‌ను గుర్తిస్తూ, డబ్బు ఆటలను వేరుచేసి నిషేధించింది. పందెం చేరిన చోట ఓడినవాడు అప్పు తీర్చుకోవడానికే మళ్లీ ఆడతాడు గనుక, అడ్వాన్సు తీరక గుంపులో మిగిలిపోయిన కూలీకీ అతనికీ పెద్ద తేడా ఉండదు.