ఔత్సాహిక ఫుట్‌బాల్‌లో రిఫరీ: అధికారం, అంగీకారం

పరిచయం

తూర్పు లండన్‌లోని హాక్నీ మార్షెస్ మైదానాల్లో ఆదివారం ఉదయం పక్కపక్కనే అనేక ఔత్సాహిక మ్యాచ్‌లు జరుగుతాయి. అక్కడ టీవీ కెమెరాలు ఉండవు, పోలీసు బందోబస్తు ఉండదు. ఇరవై ఇద్దరు ఆటగాళ్ల మధ్య ఒక్క రిఫరీ ఉంటాడు. ఇలాంటి స్థానిక పోటీల్లో లైన్స్‌మన్‌లను సైతం చాలాసార్లు ఆడే జట్లే చెరొకరిని ఇస్తాయి. ఇంతమంది ఆ ఒక్కడి మాట ఎందుకు వినాలి? దీనికి సమాధానం నిబంధనల పుస్తకంలో కంటే చరిత్రలో ఎక్కువగా దొరుకుతుంది.

రిఫరీ లేని ఆట

1863లో లండన్‌లో ఏర్పడిన ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్‌ఏ) ఆటకు మొదటి నిబంధనలు రూపొందించింది. వాటిలో రిఫరీ ప్రస్తావనే లేదు. ఆ నిబంధనలు రాసినవారిలో చాలామంది సంపన్న కుటుంబాల పాఠశాలల్లో చదువుకున్నవారు. వివాదం వస్తే ఇద్దరు కెప్టెన్లు మాట్లాడుకుని తేల్చుకుంటారని వారి నమ్మకం.

పోటీలు పెరిగేకొద్దీ ఈ పద్ధతి చాలలేదు. ప్రతి జట్టూ తన తరఫున ఒక అంపైర్‌ను నిలబెట్టడం ఆచారమైంది. 1874లో అంపైర్లకు నిబంధనల్లో చోటు దొరికింది. మన గల్లీ క్రికెట్‌లో బ్యాటింగ్ జట్టువాడే అంపైర్‌గా నిలబడితే ఏమవుతుందో విద్యార్థులకు తెలిసిందే. అక్కడా అదే జరిగింది. ఇద్దరు అంపైర్లకూ పొత్తు కుదరనప్పుడు తీర్పు చెప్పడానికి మూడో మనిషి కావలసి వచ్చాడు. వివాదాన్ని ఎవరికి నివేదిస్తారో అతడే రిఫరీ. ఆ పదానికి అర్థం కూడా అదే. మొదట్లో అతడు గీత బయట ఉండేవాడు, అడిగితేనే తీర్పు చెప్పేవాడు.

1891: పెనాల్టీ వివాదం

1885లో ఎఫ్‌ఏ వృత్తి ఆటగాళ్లను చట్టబద్ధంగా గుర్తించింది. మిల్లుల్లో, గనుల్లో పనిచేసే కుటుంబాల యువకులు డబ్బు తీసుకుని ఆడసాగారు. గెలుపు జీవనాధారమయ్యాక గోల్ ముందు కావాలని అడ్డుకోవడం, చేత్తో బంతి ఆపడం వంటివి పెద్ద సమస్యగా కనిపించాయి.

దీనికి పరిష్కారం సూచించినవాడు ఐర్లండ్‌లోని మిల్‌ఫర్డ్ గ్రామ జట్టు గోల్‌కీపర్ విలియం మెక్రమ్. ఆయన ప్రతిపాదించిన పెనాల్టీ కిక్‌ను 1891 జూన్‌లో నిబంధనల్లో చేర్చారు. అదే ఏడాది రిఫరీ మైదానంలోకి వచ్చాడు, అంపైర్లు గీత పక్కకు వెళ్లి లైన్స్‌మన్‌లయ్యారు. 1894 నాటికి ఆటగాళ్లు అప్పీలు చేయకపోయినా తీర్పు ఇచ్చే పూర్తి అధికారం రిఫరీకి దక్కింది.

ఔత్సాహికులలో కొందరికి ఇది అవమానంగా తోచింది. 1882లో స్థాపించిన కొరింథియన్ క్లబ్ వారి వాదన ప్రకారం పెద్దమనిషి కావాలని తప్పు చేయడు. తమకు వ్యతిరేకంగా పెనాల్టీ ఇస్తే వారి గోల్‌కీపర్ పక్కకు తప్పుకొనేవాడని చెబుతారు. ఈ వైఖరిలో గౌరవం ఉంది, అహంకారమూ ఉంది. నిజాయితీ తమ వర్గం సొత్తు అనీ, నిబంధనలు ఇతరుల కోసమనీ అందులోని భావం. పెనాల్టీ నిబంధన ఆ భేదాన్ని పట్టించుకోలేదు. తప్పు చేసినవాడు ఎవరని కాక, చేసిన తప్పు ఏమిటని అడిగింది. క్రీడాన్యాయం పుట్టుకతో వచ్చే గుణం కాదనీ, అందరికీ సమానంగా వర్తించే కట్టుబాటు అనీ స్థిరపడటంలో ఇది ముఖ్యమైన మలుపు.

నేటి సంక్షోభం

1970 ప్రపంచకప్‌లో పసుపు, ఎరుపు కార్డులు వచ్చాయి. అగ్రస్థాయి ఆటలో వీడియో సహాయమూ చేరింది. స్థానిక ఆటలో రిఫరీకి కార్డులు, ఈల తప్ప మరో రక్షణ లేదు. 2012 డిసెంబరులో నెదర్లాండ్స్‌లోని అల్మేరె పట్టణంలో జరిగిన యువజన మ్యాచ్ ఇందుకు విషాద సాక్ష్యం. తన కొడుకు ఆడే జట్టు తరఫున స్వచ్ఛందంగా లైన్స్‌మన్‌గా నిలిచిన తండ్రిని ప్రత్యర్థి కుర్రాళ్లు కొట్టారు. ఆయన మరుసటి రోజు మరణించాడు. ఆ వారాంతంలో డచ్ ఫుట్‌బాల్ సంఘం ఔత్సాహిక మ్యాచ్‌లన్నిటినీ రద్దు చేసింది.

ఇంగ్లండ్‌లో మరో మార్గం ప్రయత్నించారు. రిఫరీతో వాదించిన ఆటగాణ్ణి 10 నిమిషాలు బయట కూర్చోబెట్టే పద్ధతిని 31 లీగుల్లో పరీక్షించగా, అలాంటి వాదనలు 38 శాతం తగ్గాయని ఎఫ్‌ఏ ప్రకటించింది. 2019-20 నుంచి దాన్ని స్థానిక ఫుట్‌బాల్‌లో విస్తృతంగా అమలు చేశారు. జరిమానా వారం తర్వాత ఇంటికి వస్తుంది. ఈ శిక్ష అప్పటికప్పుడే తగులుతుంది, పైగా జట్టంతా దాని ఫలితం అనుభవిస్తుంది. అందుకే నోరు జారబోయేవాణ్ణి తోటి ఆటగాళ్లే ఆపుతారు.

సారాంశం

2024 యూరో పోటీల్లో కెప్టెన్ ఒక్కడే రిఫరీ దగ్గరకు వెళ్లి మాట్లాడాలని నిర్ణయించారు. 1863లో కెప్టెన్ల మాటతో మొదలైన ఆట మళ్లీ కెప్టెన్ బాధ్యతను గుర్తుచేసుకుంది. మధ్యలో గడిచిన 160 ఏళ్లలో రిఫరీ అధికారం క్రమంగా పెరిగింది. కానీ ఆ అధికారం నిలబడేది ఆటగాళ్ల అంగీకారం మీదే. స్థానిక మైదానంలో ఇది మరింత నిజం. తీర్పు తప్పని తోచినా తలవంచి ఆడటం రిఫరీకి చేసే ఉపకారం కాదు. వచ్చే ఆదివారం కూడా ఆట ఉండాలంటే ఆటగాళ్లు తమకు తాము చేసుకోవలసిన మేలు అది.

అభ్యాస ప్రశ్నలు

1. అంపైర్ల పద్ధతి ఎందుకు విఫలమైంది? రిఫరీ మైదానంలోకి ఎలా వచ్చాడు?
2. పెనాల్టీ కిక్‌ను కొరింథియన్లు వ్యతిరేకించడంలోని వర్గదృష్టిని చర్చించండి.
3. మీ ప్రాంతంలోని ఒక స్థానిక పోటీని పరిశీలించి, వివాదాలు ఎలా పరిష్కరిస్తున్నారో పది పంక్తుల్లో రాయండి.