రూపాయల్లో అరిగిపోతున్న మహర్

 

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో ఒకనాడు ప్రజలనుద్దేశించి ప్రసంగిస్తూ, ఒంటెల ధర పెరిగిందని ప్రకటించారు. హతుని వారసులకు చెల్లించవలసిన దియత్ నూరు ఒంటెలు. ప్రవక్త వారి కాలంలో దాని విలువ 800 దీనార్లు లేదా 8,000 దిర్హమ్‌లు. ఉమర్ (రజి) దానిని 1,000 దీనార్లుగా, 12,000 దిర్హమ్‌లుగా నిర్ణయించారు. అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఈ వృత్తాంతమున్నది. ఒంటెల సంఖ్య మారలేదు, నాణేల లెక్క మాత్రమే మారింది.

తరువాతి కాలంలో ఫులూస్ అనే రాగి నాణేలు చిక్కు తెచ్చాయి. దీనారు విలువ దాని బంగారంలోనే ఉంటుంది. ఫులూస్ విలువ జనం నమ్మకంలో ఉంటుంది. అప్పు పుచ్చుకొన్నాక అవి చవకబడితే ఎన్ని తిరిగి ఇవ్వాలి? ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అదే సంఖ్య చాలునన్నారు. ఆయన శిష్యుడు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) పుచ్చుకొన్న నాటి విలువ ఇవ్వాలన్నారు. వెయ్యేళ్ల తరువాత డమాస్కస్ హనఫీ పండితుడు ఇబ్నె ఆబిదీన్ (మరణం 1836) ఈ సమస్యపై ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాసి, అబూ యూసుఫ్ మాటనే సమర్థించారు.

1923 నవంబరులో జర్మనీలో ఒక్క డాలరుకు 4,20,000 కోట్ల మార్కులు ఇవ్వవలసివచ్చింది. మన రూపాయి అలా కూలలేదు, మెల్లగా అరిగింది. అందుకే మనం లెక్క చూసుకోలేదు.

1970లో పది గ్రాముల బంగారం సుమారు 184 రూపాయలు. ఆ ఏడు జమ్మలమడుగులోనో పులివెందులలోనో ఒక నికాహ్‌లో 786 రూపాయల ఉధార్ మహర్ రాశారనుకొందాం. ఆనాడు దానికి నలభై రెండు గ్రాముల బంగారం వచ్చేది. 2020లో పది గ్రాముల ధర 48,000 దాటింది. అదే 786కు 0.16 గ్రాము. ముక్కుపుడకకైనా చాలదు.

పెళ్లి నగలకు మనమంతా ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకే వెళ్తాము. ఆనాటి ధర అడిగి, తూకం చూసి, తరుగు దగ్గర బేరమాడతాము. వధువు ఇంటివారిని అడిగేది తులాల్లో, వధువుకు రాసేది రూపాయల్లో! (అలా అడగడమే అధర్మం; ఆ మాట మరో జుమాకు.) జనాజా ఇంట్లో ఉండగా, ఏడుస్తున్న భార్య చేత మహర్ మాఫ్ చేయించడం కూడా మనలో ఉన్నది. చెల్లించని మహర్ మృతునిపై అప్పు, వారసత్వం పంచకముందే తీర్చవలసినది. ఆ కాస్త రూపాయలు అడగడానికి సిగ్గుపడి మాఫ్ చేసిన తల్లులను మేము చూశాము.

అయితే రూపాయల అప్పును ధరలతో ముడిపెట్టి పెంచి వసూలు చేయవచ్చునా? 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ కూడదన్నది. రిబాకు తలుపు తెరుచుకొంటుందని భయం. ఆ భయం మాకూ ఉన్నది. కాని భర్త తనంతట తాను పెంచితే అది రిబా కాదు. నిర్ణయించిన మహర్‌ను పరస్పర అంగీకారంతో మార్చుకోవచ్చునని అన్నిసా సూరా 24వ ఆయత్ అనుమతిస్తున్నది. ఇకపై జరిగే నికాహ్‌లలో మహర్‌ను గ్రాముల్లోనే రాయించవచ్చు. మహరె ఫాతిమీ 500 దిర్హమ్‌లు, మన ఉలమా లెక్కలో సుమారు 1,531 గ్రాముల వెండి.

ఈ సాయంత్రం మీ నికాహ్‌నామా తీసి చూడండి. ఆనాటి మహర్‌కు ఆనాడు ఎన్ని గ్రాములు వచ్చేవో షరాబును అడగండి. మీ స్తోమతు మేరకు పెంచి, ఇద్దరు సాక్షుల ఎదుట రాయించి, ఆ కాగితాన్ని భార్య చేతికే ఇవ్వండి.